సీసాలో ఎన్ని మిగిలాయి?

“హలో, యూనివర్సిటీ ఆసుపత్రి సర్జరీ విభాగం నుంచి మాట్లాడుతున్నాను. మీ గాల్ బ్లాడర్ ఆపరేషన్ మా దగ్గరే అయింది కదా. రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?”

“బిల్లు సంగతా?”

“కాదండీ. ఇంటికి వెళ్లేటప్పుడు నొప్పికి బిళ్ళలు రాసిచ్చాం. వాటిలో ఎన్ని వేసుకున్నారో అడుగుదామని.”

అవతల కాసేపు మాట లేదు. తర్వాత వచ్చిన గొంతులో కాస్త జంకు. “ఎందుకు అడుగుతున్నారు? నేనేమీ తప్పు చేయలేదే.”

“మీ తప్పేం లేదు. మేమే ఎక్కువ రాశామేమోనని అనుమానం. సీసా దగ్గర్లో ఉంటే ఒకసారి చూసి చెబుతారా?”

స్నానాలగదిలో అద్దం వెనక అర తెరిచిన చప్పుడు. సీసా మూత కిర్రుమంది. బిళ్ళలు అరచేతిలో పడుతున్న శబ్దం చాలాసేపు వినిపించింది.

“మొదటి రోజు మూడు వేసుకున్నా, మర్నాడు రెండు. మూడో రోజు రాత్రి ఒకటి వేసుకుంటే కడుపులో తిప్పింది. అక్కడితో మానేశా. మిగతావన్నీ అలాగే ఉన్నాయి. పారేయమంటారా?”

ఈ సంభాషణ మేం అల్లినది. ఫోనెత్తిన ఇల్లాలు ఏ ఒక్క మనిషీ కాదు. ఫోన్లు మాత్రం నిజం. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, ఆన్ ఆర్బర్ ఊళ్లో ఉన్న మిషిగన్ యూనివర్సిటీ వైద్యులు గాల్ బ్లాడర్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఇలాగే ఫోన్లు చేయించి, ఎన్ని వేసుకున్నారు, ఎన్ని మిగిలాయి అని అడిగారు. వచ్చిన జవాబులను ఆసుపత్రి రికార్డుల పక్కన పెట్టి చూసుకున్నారు. ఆ లెక్క 2018లో ‘జామా సర్జరీ’ పత్రికలో అచ్చయింది. రయన్ హోవార్డ్ అనే యువ వైద్యుడు దానికి మొదటి రచయిత.

రికార్డులు తిరగేసింది 170 మందివి. వాళ్లకు రాసిన మందు మార్ఫిన్ కొలతలో చెబితే 250 మిల్లీగ్రాములు. సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ పోగా మధ్యలో నిలిచిన అంకె అది. అక్కడ మామూలుగా ఇచ్చే 5 మిల్లీగ్రాముల హైడ్రోకోడోన్ బిళ్ళల్లో చెప్పుకుంటే 50. ఫోనులో పేషెంట్లు చెప్పిన లెక్క ప్రకారం వాళ్లు వేసుకున్నది 30 మిల్లీగ్రాములు, అంటే ఆరు బిళ్ళలు.

రాసింది యాభై. మింగింది ఆరు.

హైడ్రోకోడోన్ నల్లమందు వంశంలోది. మార్ఫిన్, కోడీన్, ఆక్సీకోడోన్ దానికి అన్నదమ్ములు. ఈ జాతి మొత్తాన్నీ ఓపియాయిడ్లు అంటారు. 2016లో ఓపియాయిడ్లు మోతాదు మించి అమెరికాలో 42,249 మంది చనిపోయారు. వాళ్లంతా డాక్టరు చీటీతోనే పోయారని కాదు. హెరాయిన్, దొంగచాటుగా తయారైన ఫెంటనిల్ పొట్టన పెట్టుకున్నవాళ్లే అందులో చాలామంది. కానీ ఈ బిళ్ళలను దుర్వినియోగం చేసేవాళ్లను మీకెక్కడ దొరికాయని ఆ దేశంలో అడిగితే, ఆ రోజుల్లో సగం మందికి పైగా చెప్పిన జవాబు ఒకటే: స్నేహితుల దగ్గర, బంధువుల దగ్గర. ఆ బంధువు సొరుగులోకి బిళ్ళలు ఎలా వచ్చాయన్న ప్రశ్న ఆసుపత్రి గుమ్మంలోకి వచ్చి ఆగుతుంది.

* * *

ఈ యాభై ఎక్కణ్నుంచి వచ్చింది?

ఏ పుస్తకంలోంచీ రాలేదు. గాల్ బ్లాడర్ తీస్తే ఎన్ని బిళ్ళలు కావాలో చెప్పే పరిశోధన అప్పటికి అక్కడి సర్జన్ల చేతిలో లేదు. మనవైపు పీజీలు చేసే పని అక్కడ రెసిడెంట్లు చేస్తారు. సాయంత్రం డిశ్చార్జి కాగితాలు తయారుచేయడం వాళ్ల వంతు. కంప్యూటర్ తెర మీద మందు పేరు, మోతాదు నింపాక ‘ఎన్ని’ అన్న గడి ఒకటి మిగులుతుంది. అందులో సీనియర్ వేసే అంకె జూనియర్ వేస్తాడు. జూనియర్ సీనియర్ అయ్యాక ఆ అంకె మరొకరికి అందుతుంది. కొన్నాళ్లకు అదే శాస్త్రమైపోతుంది.

పెళ్లిలో బియ్యం కొలిచే పెద్దమనిషి లెక్క ఇది. తక్కువైతే నలుగురిలో మాట వస్తుంది, మిగిలితే ఎవరూ అడగరు. శుక్రవారం సాయంత్రం ఇంటికి పంపిన పేషెంటుకు శనివారం అర్ధరాత్రి నొప్పి వస్తే ఫోను మోగేది రెసిడెంటుకే. పైగా అమెరికాలో ఆసుపత్రి నుంచి వెళ్లినవాళ్లతో ప్రశ్నపత్రం నింపిస్తారు. నొప్పిని బాగా చూసుకున్నారా అన్న ప్రశ్న అప్పట్లో అందులో ఉండేది. ఆ మార్కులకూ ఆసుపత్రికి వచ్చే డబ్బుకూ లంకె ఉండేది. మందు తగ్గిస్తే మార్కులు తగ్గుతాయన్న భయం డాక్టర్ల మనసులో బలంగా ఉండేది. మిషిగన్‌లోనే 47 ఆసుపత్రుల లెక్కలు తీసి చూస్తే, ఎక్కువ బిళ్ళలు రాసినచోట మార్కులు ఎక్కువ రాలేదు. ఆ సంగతి 2017లో గానీ బయటికి రాలేదు.

ప్రభుత్వం కట్టడి చేయబోయి మరో చిక్కు తెచ్చింది. 2014 అక్టోబరులో హైడ్రోకోడోన్‌ను కఠినమైన జాబితాలోకి మార్చారు. అంతకుముందు మందు అయిపోతే డాక్టరు ఫార్మసీకి ఫోను చేసి చెబితే సరిపోయేది. ఆ తర్వాత కొత్త చీటీ కావాల్సి వచ్చింది. సర్జన్లు ఏం చేశారు? మళ్లీ చీటీ రాసే బెడద లేకుండా మొదటిసారే ఇంకాస్త ఎక్కువ రాశారు. సగటున ఒక్కో చీటీకి ఏడు బిళ్ళల దాకా పెరిగాయని మిషిగన్ పరిశోధకులే తర్వాత తేల్చారు. వాడకం తగ్గించడానికి తెచ్చిన కట్టుబాటు సీసాను నింపింది.

ఇంకా వెనక్కి వెళితే 1980 జనవరి. ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక ఉత్తరం అచ్చయింది. అందులో ఉన్నవి ఐదే వాక్యాలు. బోస్టన్‌లో మందుల ప్రభావాలను నమోదు చేసే కార్యక్రమం నడిపే హెర్షెల్ జిక్, ఆయన సహాయకురాలు జేన్ పోర్టర్ రాశారు. ఆసుపత్రిలో ఉండగా మత్తుమందు వర్గపు నొప్పి మందులు అందుకున్న 11,882 మందిలో వ్యసనానికి లోనైనట్టు నమోదైంది నలుగురే అన్నది దాని సారాంశం. వాళ్లు చెప్పింది ఆసుపత్రి మంచం మీద, నర్సు చేతి మీదుగా మందు తీసుకున్నవాళ్ల గురించి. ఇంటికి పట్టుకెళ్లిన సీసాల ఊసు అందులో లేదు. ఆ తేడా చూడకుండానే తర్వాతి వ్యాసాలు దాన్ని ఎత్తిచూపుతూ పోయాయి. 2017లో అదే పత్రికలో అచ్చయిన లెక్క ప్రకారం, ఆ ఉత్తరాన్ని ఉదహరించినవి 608. అందులో నూటికి 72 వ్యసనం అరుదు అనడానికి సాక్ష్యంగా దాన్నే చూపించాయి. 1996లో ఆక్సీకాంటిన్ బజారులోకి వచ్చేనాటికి నేల అలా చదునై ఉంది. దాన్ని తయారుచేసిన పర్డ్యూ కంపెనీ, వ్యసన ప్రమాదం తక్కువని తప్పుగా ప్రచారం చేసినట్టు 2007లో కోర్టులో నేరం ఒప్పుకుంది.

సర్జన్లు మాత్రం ఇదంతా నడుము నొప్పుల డాక్టర్ల గొడవ అనుకున్నారు. తాము రాసేది నాలుగు రోజుల మందు. గాయం మానుతుంది, నొప్పి పోతుంది, బిళ్ళ అవసరం తీరిపోతుంది.

* * *

అది నిజమేనా అని అడిగినవాళ్లు ముగ్గురు: కాలేయ మార్పిడి సర్జన్ మైఖేల్ ఎంగిల్స్‌బీ, మత్తు వైద్యుడు చాడ్ బ్రమ్మెట్, ప్లాస్టిక్ సర్జన్ జెనిఫర్ వాల్జీ. ముగ్గురూ మిషిగన్ యూనివర్సిటీవాళ్లే. 2016లో ‘మిషిగన్ ఓపెన్’ అనే పథకం మొదలుపెట్టారు.

వాళ్ల బృందం 2017లో బయటపెట్టిన లెక్క ఆపరేషన్ గదుల్లో అలజడి రేపింది. దేశవ్యాప్త బీమా రికార్డుల్లోంచి 36,177 మందిని ఏరారు. అంతకుముందు ఏడాదిలో ఓపియాయిడ్లు ముట్టనివాళ్లు వీళ్లంతా. కొందరికి గాల్ బ్లాడర్, అపెండిక్స్, మొలలు, థైరాయిడ్ లాంటి చిన్న ఆపరేషన్లు, కొందరికి పెద్దపేగు, గర్భసంచి, హెర్నియా లాంటి పెద్దవి. ఆపరేషన్ అయిన మూడు నెలల తర్వాత, ఆరు నెలల్లోపు, ఎంతమంది ఇంకా ఓపియాయిడ్ చీటీలు తెచ్చుకుంటున్నారు? చిన్న ఆపరేషన్లలో నూటికి 5.9, పెద్దవాటిలో 6.5. ఆపరేషనే లేనివాళ్లలో ఆ సంఖ్య 0.4.

ఆరు శాతం భయపెట్టేదే. కానీ అంతకన్నా ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ రెండు అంకెల మధ్య తేడా లేకపోవడం. పొట్ట నిలువునా కోసినవాళ్లూ నాలుగు చిల్లులు పెట్టించుకున్నవాళ్లూ ఒకే నిష్పత్తిలో చిక్కుకుంటున్నారంటే, దానికి కారణం గాయం నొప్పి ఒక్కటే కాలేదు. పొగతాగడం, మద్యం, దిగులు, ఆందోళన, ముందునుంచే ఉన్న ఇతర నొప్పులు, వీటికీ ఆ వాడకానికీ ఉన్న సంబంధం లెక్కల్లో కనబడింది. అంటే ఆపరేషన్ రోజున ఇచ్చిన సీసా కొందరి ఇళ్లలో వేరే బాధకు మందైపోయింది.

దానికి మందు కనిపెట్టడం ఈ ముగ్గురి చేతిలో లేదు. సీసాలోని అంకె మాత్రం వాళ్ల చేతిలోనే ఉంది.

2016 నవంబరులో ఒక ఆపరేషన్‌ను ఎంచుకున్నారు. ఎక్కువగా జరిగేదీ, అందరూ ఒకే పద్ధతిలో చేసేదీ అయిన కీహోల్ గాల్ బ్లాడర్. బొడ్డు దగ్గరా పైకడుపులోనూ కలిపి నాలుగు చిన్న గాట్లు, కడుపులోకి ఊదిన గ్యాస్, ఒక కెమెరా. పేషెంట్లు చెప్పిన లెక్కను బట్టి, నూటికి 80 మందికి సరిపోయేంత మందు ఎంతో చూసుకుని, రెసిడెంట్ల ముందు కొత్త అంకె పెట్టారు: పదిహేను బిళ్ళలు. దాంతోపాటు మామూలు నొప్పి మందులు వాడమని పేషెంటుకు గట్టిగా చెప్పాలి.

ఇప్పుడా రెసిడెంటు స్థానంలో కూర్చుని చూడండి. నిన్నటిదాకా యాభై టైపు చేసిన వేలు ఇవాళ పదిహేను టైపు చేస్తోంది. ఎదుటి మంచం మీద ఉన్న మనిషికి మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు, భార్యో భర్తో కారు తాళాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. “ఇంతేనా? మా అన్నకు ఇదే ఆపరేషన్ అయితే పెద్ద సీసా ఇచ్చారే!” అంటే ఏం చెప్పాలి? రాత్రి రెండింటికి ఫోను మోగితే?

పెద్దగా మోగలేదు. తర్వాతి ఐదు నెలల్లో అలా ఇంటికెళ్లిన 200 మంది రికార్డులు చూస్తే, రాసిన మందు 250 నుంచి 75 మిల్లీగ్రాములకు దిగింది. ఇంకా మందు కావాలని మళ్లీ అడిగినవాళ్లు పాత పద్ధతిలో నూటికి 4.1 మంది, కొత్త పద్ధతిలో 2.5 మంది. నొప్పి ఎంత ఉందో చెప్పమంటే ఇచ్చిన మార్కుల్లో తేడా కనబడలేదు. ఎవరూ చెప్పకుండానే ఇంకొకటి జరిగింది. గాల్ బ్లాడర్‌కు మాత్రమే పెట్టిన ఆ కట్టుబాటు అపెండిక్స్, హెర్నియా, థైరాయిడ్, ఊబకాయానికి చేసే కడుపు ఆపరేషన్ల చీటీల్లోకీ పాకింది. ఒక గడిలో అంకె ఎందుకు వేస్తున్నామని ఒకసారి అడిగిన రెసిడెంటు, పక్క గడి దగ్గరా ఆగాడన్నమాట.

* * *

ఆ ఫోన్లను మిషిగన్ రాష్ట్రమంతా చేస్తే? చేశారు. 33 ఆసుపత్రులు, 12 రకాల ఆపరేషన్లు, 2,392 మంది. రాసినవి 30 బిళ్ళలు, వేసుకున్నవి 9. ఇందాకటి కథే, ఊరు పెద్దదైంది. కానీ ఈసారి లెక్కలో అంతకుముందు ఎవరూ ఊహించని వాక్యం ఒకటి బయటపడింది. చీటీలో ఒక్కో బిళ్ళ పెరిగేకొద్దీ పేషెంటు సగటున అర బిళ్ళకు పైగా, సరిగ్గా చెప్పాలంటే 0.53 బిళ్ళ, ఎక్కువ మింగాడు. ఎంత నొప్పి ఉంది అన్నదానికంటే ఎంత రాశారు అన్నదే, ఎంత వేసుకున్నాడో ఎక్కువగా నిర్ణయించింది.

నాకు ఈ మొత్తం గాథలో కీలకం ఇదే అనిపిస్తుంది. యాభై ఉన్న సీసా చేతికొస్తే, ఇది యాభై బిళ్ళల నొప్పి కాబోలు అని మనిషి అనుకుంటాడు. డాక్టరు ఊరికే రాయడు కదా! డాక్టరేమో, ఇంతమంది ఇన్ని తీసుకుంటున్నారు కాబట్టి అవసరమే కాబోలు అనుకున్నాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు భారం వేసి నిశ్చింతగా ఉన్నారు. మధ్యలో లేనిది ఒక్క ప్రశ్న.

మరి నొప్పి సంగతేమిటి? ఓర్చుకోమనడం వైద్యం కాదు.

పొట్ట ఆపరేషన్ నొప్పి ఒక్కచోట పుట్టదు. కోసిన చర్మం, కండరం ఒక నొప్పి. లోపల జరిగిన గాయానికి వాపు వచ్చి మంట పుట్టించేది మరొకటి. కీహోల్ చేయించుకున్నవాళ్లకు కుడి భుజం పీకుతుంది, పొట్ట కోస్తే భుజం ఎందుకు నొస్తోందని హడలిపోతారు. కడుపులో మిగిలిన గ్యాస్ ఉదరవితానం కింద చేరి అక్కడి నరాన్ని రేపుతుంది. ఆ నరమూ, భుజం చర్మానికి వెళ్లే నరాలూ మెడ దగ్గర ఒకేచోట నుంచి బయల్దేరతాయి. అందుకే మెదడు తికమకపడుతుంది. రెండు మూడు రోజుల్లో గ్యాస్ ఒంట్లో కలిసిపోయాక అది దానంతటదే పోతుంది.

ఓపియాయిడ్ వీటిలో దేని మూలాన్నీ తాకదు. మెదడులో, వెన్నులో కబురు అందే దగ్గర గొంతు తగ్గిస్తుంది. పనిలో పనిగా పేగు కదలికనూ తగ్గిస్తుంది. పొట్ట ఆపరేషన్ అయిన మనిషిని మన ఆసుపత్రుల్లో రౌండ్లకొచ్చిన డాక్టరు మొదట అడిగేది “గ్యాస్ పోయిందా?” అనే. ఆ గ్యాస్‌ను ఆపేసే మందునే నొప్పికి ఇస్తున్నామన్న మాట చాలాకాలం ఎక్కువమందికి తట్టలేదు.

తట్టినవాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సింది డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కేలెట్. 1993లోనే ఆయనా, యోర్గెన్ డాల్ అనే మత్తు వైద్యుడూ కలిసి, ఒకే మందును ఎక్కువ మోతాదులో ఇవ్వడం మాని, వేర్వేరు దారుల్లో పనిచేసే మందులను కొద్దికొద్దిగా కలిపి ఇవ్వమన్నారు. వాపు తగ్గించే బిళ్ళ ఒకటి, పారాసిటమాల్ ఒకటి, నరాన్ని మొద్దుబార్చే సూది ఒకటి. అప్పటికీ లొంగకపోతేనే మార్ఫిన్. కోపెన్‌హాగన్ పక్కన ఆయన బృందం పెద్దపేగు తీసేసిన 60 మందిని త్వరగా తినిపించి, త్వరగా నడిపించి, వెన్నులోకి సన్నని గొట్టంతో మత్తు ఇస్తూ చూస్తే, సగం మందికి పైగా రెండు రోజుల్లో ఇంటికెళ్లారు. 2000 నాటి మాట ఇది. అలాంటి ఆపరేషన్‌కు వారం పైన మంచం పట్టడం మామూలుగా ఉన్న రోజులు.

పొట్ట గోడలో కండరాల పొరల మధ్యకు మత్తు సూది వేసే పద్ధతి ఇంకొకటి. దానికి రఫీ అనే వైద్యుడు 2001లో దారి చూపించాడు. పొట్ట చర్మానికి వచ్చే నరాలన్నీ ఆ పొరల మధ్యగా వెళతాయి. అక్కడ అడ్డుకడితే కబురు పైకి పోదు. ఐర్లండ్‌లోని గాల్వే ఊరి వైద్యులు 32 మందిని రెండు గుంపులు చేసి 2007లో ఫలితం ప్రకటించారు. పేగు ఆపరేషన్ తర్వాత మొదటి రోజంతా కలిపి మామూలు గుంపుకు సుమారు 80 మిల్లీగ్రాముల మార్ఫిన్ పట్టింది, సూది వేసినవాళ్లకు 22. తర్వాతి కాలంలో, మిగతా మందులూ వాడకంలోకి వచ్చి, కోతలు చిన్నవయ్యాక, తేడా అంత భారీగా కనిపించలేదు. అయినా ఆ సూది నేడు మన కార్పొరేట్ ఆసుపత్రుల ఆపరేషన్ గదుల్లోనూ మామూలు పనే.

ఆన్ ఆర్బర్‌లో వీటన్నిటికంటే చవకైన ఆయుధం పట్టుకున్నారు. పారాసిటమాల్ 650, ఐబుప్రొఫెన్ 600. ఒక్కోటీ ఆరు గంటలకోసారి, రెండింటి మధ్య మూడు గంటల ఎడం. నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసుకుని. అదీ చాలకపోతే వాడుకోవడానికి కొద్దిపాటి ఓపియాయిడ్ బిళ్ళలు జేబులో. ఇలా పంపిన 190 మందిలో సగం మందికి పైగా, 52 శాతం, ఆ జేబులోవి ఒక్కటీ వేసుకోలేదు. నూటికి 98 మంది పదిలోపే సరిపెట్టుకున్నారు. 2022లో ‘లాన్సెట్’లో మాంట్రియల్ వైద్యుల బృందం 47 ప్రయోగాలను, 6,607 మందిని ఒకచోట చేర్చి చూసింది. డిశ్చార్జి తర్వాత మొదటి రోజున ఓపియాయిడ్ ఇచ్చినవాళ్లకు నొప్పి తక్కువేమీ లేదు, వాంతులు మాత్రం ఎక్కువ. (ఇంట్లో ఇది చదివి పట్టిక రాసుకునేవాళ్లకు ఒక మాట: కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లకు, రక్తం పల్చబరిచే మందులు వాడేవాళ్లకు ఐబుప్రొఫెన్ చేటు. కాలేయం బాగాలేనివాళ్లకు పారాసిటమాల్ లెక్క వేరు. అది డాక్టరుతో తేల్చుకోవాల్సిన సంగతి.)

* * *

మిషిగన్‌లో నోవై, కాంటన్, ట్రాయ్ ఊళ్లలో తెలుగు ఇళ్లు బాగానే ఉన్నాయి. పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నల సూట్‌కేసులో డోలో అట్ట లేకుండా ఉండదు. ఆ బిళ్ళ మనకు జ్వరానికి. పొట్ట కోసిన నొప్పికి జ్వరం బిళ్ళ ఇచ్చి పంపారంటే, “ఇంత దేశంలో ఇదేం వైద్యంరా?” అని పెద్దవాళ్లు చిన్నబుచ్చుకోవడం సహజం. కానీ వాళ్లు వదిలి వెళ్లిన ఊళ్లో సర్జన్లు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నది దాదాపు అదే. పారాసిటమాల్, డైక్లోఫెనాక్, అవసరమైతే కొన్ని ట్రమడాల్. అమెరికా కొత్తగా కనుక్కున్నది మిగతా ప్రపంచానికి పాత అలవాటు. 2020లో అచ్చయిన ఒక అధ్యయనం ఎనిమిది దేశాల్లోని 14 ఆసుపత్రుల్లో 4,690 మందిని పోల్చింది. అపెండిక్స్, గాల్ బ్లాడర్, హెర్నియా, ఈ మూడే. ఇంటికెళ్లేటప్పుడు ఓపియాయిడ్ అందుకున్నవాళ్లు అమెరికాలో నూటికి 91, మిగతా ఏడు దేశాల్లో నూటికి 5. బ్రెజిల్, జర్మనీ, థాయ్‌లాండ్ మనుషుల పొట్టలు వేరే చర్మంతో చేసినవి కావు.

అలాగని మనం మీసం మెలేయడానికి లేదు. మన అలవాటులో సగం వివేకమైతే, సగం 1985 నాటి మత్తుమందుల చట్టం భయం. ఆ చట్టం లైసెన్సుల చిక్కుముడిలో క్యాన్సర్ ముదిరి కేకలు పెట్టే రోగికి కూడా మార్ఫిన్ దొరకని పరిస్థితి దేశంలో ఏళ్లతరబడి నడిచింది. 2014లో సవరించాక గానీ దారి కాస్త తెరుచుకోలేదు. నల్లమందును చట్టబద్ధంగా పండించే దేశంలో ఇది! హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్యం చేసేవాళ్లకు బిళ్ళలు తగ్గించమని చెబితే అది వైద్యం అనిపించుకోదు. ఇంకోవైపు, చాలాకాలం మామూలు నొప్పి బిళ్ళలా చెలామణీ అయిన ట్రమడాల్‌ను 2018లో అదే చట్టం కిందికి తేవాల్సి వచ్చింది. ఆన్ ఆర్బర్ లెక్క అందరికీ తగ్గించమని చెప్పలేదు. ఎవరికి ఎంత కావాలో వాళ్లనే అడగమంది.

అమెరికాలోనూ ఈ తేడా అందరికీ అర్థం కాలేదు. తగ్గించాలన్న గాలి వీచాక, ఏళ్లతరబడి ఓపియాయిడ్ల మీదే నడుస్తున్న దీర్ఘరోగులకు కొందరు డాక్టర్లు ఉన్నపళాన మందు ఆపేశారు. అలా హఠాత్తుగా ఆపొద్దని 2019లో ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించాల్సి వచ్చింది. అంకెను గుడ్డిగా పెంచిన చేయే గుడ్డిగా తగ్గించింది.

అదే 2019 ఆగస్టులో మిషిగన్ బృందం ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్’లో రాష్ట్రం మొత్తం మీద తేలిన లెక్క ప్రకటించింది. ముప్ఫై తొమ్మిదేళ్ల కిందట ఐదు వాక్యాల ఉత్తరం అచ్చయిన పత్రికే. ఇదీ చిన్న ఉత్తరమే. 43 ఆసుపత్రుల్లో 11,716 మంది. మార్గదర్శకాలు పంచిపెట్టాక సగటు చీటీ 26 బిళ్ళల నుంచి 18కి వచ్చింది. పేషెంట్లు మింగినవి 12 నుంచి 9కి తగ్గాయి. నొప్పి ఎలా ఉందన్నా, వైద్యం నచ్చిందా అన్నా జవాబులు మునుపటిలాగే ఉన్నాయి. ఆ తర్వాత కూడా ఫోన్లు ఆగలేదు, కొత్త జవాబులు వచ్చినప్పుడల్లా పట్టిక మారుతూ వచ్చింది. ఇప్పుడు అందులో గాల్ బ్లాడర్ ఆపరేషన్‌కు ఎదురుగా ఉన్న వరస సున్నా దగ్గర మొదలై పదికి మించదు.